కృష్ణాష్టమి నుంచి పోలాల అమావాస్య దాకా: ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఈటె వేట

2024 ఆగస్టు 27న, కృష్ణాష్టమి మరునాడు, సముద్రంలో మునిగి ఈటెతో చేపలు కొట్టడానికి నేనూ మా బావమరిదీ ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి కారులో బయలుదేరాము. సెలవులు ముందు పెట్టుకుని తేదీ వెతకలేదు; తిథి చూసుకుని, దానికి తగ్గట్టు సెలవులు అడిగాము. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దదిగా ఉంటుందని, అష్టమి నాటికి నీరు మెత్తబడుతుందని ఉప్పాడలో మా అమ్మమ్మగారి ఇంట పెరిగిన రోజుల్లోనే విన్నాను. ఆ మాటకు బ్రిటన్ తీరంలో ఉన్నంత విలువ నేను మరెక్కడా చూడలేదు. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మనిషి ఎత్తు మించదు. ఇక్కడి బ్రిస్టల్ చానెల్‌లో అది 14 మీటర్ల దాకా పోతుంది. అంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చిపోయే సముద్రంలో, ఊపిరి బిగబట్టి మునిగే మనిషికి ఊరి పేరు కంటే తిథి ముఖ్యం.

ఈ వేట సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. చలిని ఆపే రబ్బరు వెట్‌సూట్, ముఖానికి మాస్క్, ఊపిరి పీల్చే గొట్టమైన స్నార్కెల్, కాళ్ళకు రెక్కల్లాంటి పొడవాటి ఫిన్స్, నడుముకు సీసపు బెల్టు, చేతిలో రబ్బరు పట్టీలతో ఈటెను వదిలే స్పియర్‌గన్, వెనుక తాడుతో కట్టిన నీటిపై తేలే నారింజ రంగు బోయా, దానిమీద నీలం, తెలుపు రంగుల జెండా ఉంటే చాలు. సిలిండరు కట్టుకుని ఈటె వేయడాన్ని ఇక్కడి వేటగాళ్ళు వేటగా లెక్కించరు. సముద్రంలో ఇలా వేటాడడానికి లైసెన్స్ అక్కరలేదు కాని నదుల్లో, చెరువుల్లో ఈటె వేయడం నేరం. సాల్మన్‌ను, సముద్రపు ట్రౌట్‌ను ఎక్కడా కొట్టకూడదు. మేము వెళ్ళిన కాలంలో బాస్ చేప మనిషికి రోజుకు రెండే, అదీ 42 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. ఆడ బాస్ గుడ్లు పెట్టే వయసుకు వచ్చేది సుమారుగా ఆ పొడవు దగ్గరే కాబట్టి ఆ కొలత పెట్టారు. పట్టిన చేపను అమ్మడం కూడా నిషిద్ధమే. ఈ నియమాలు ఏటా మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు ఆ ఏటి నియమాలను చదివి తీరాలి.

మొదటి మజిలీ డోర్సెట్‌లోని పోర్ట్‌లాండ్. వేమత్ దాటాక రోడ్డు ఒక సన్నని కట్ట మీదుగా ఆ రాతి దీవికి చేరుతుంది. కుడివైపున చెజిల్ బీచ్ ఉంటుంది. ఇసుక లేని, 29 కిలోమీటర్ల పొడవున్న గులకరాళ్ళ గట్టు అది. పడమటి కొసన శనగగింజంత ఉండే రాళ్ళు పోర్ట్‌లాండ్ వైపుకు వచ్చేసరికి బంగాళాదుంపంత అవుతాయి. చీకట్లో ఒడ్డెక్కిన పాతకాలపు జాలరులు రాయిని చేత్తో తడిమి తాము ఎక్కడికి చేరారో చెప్పగలిగేవారట. చూడడానికి ఎంత అందంగా ఉన్నా ఈ గట్టు వేటగాడికి అనుకూలం కాదు. నైరుతి గాలి వీస్తే అల ఒడ్డునే విరుగుతుంది, కాళ్ళ కింద రాళ్ళు జారిపోతాయి, వెనక్కు లాగే నీటిలో సీసపు బెల్టుతో నిలబడడం అసాధ్యం. ఒక చోటు మంచిదో కాదో నేను అక్కడి చేపలను బట్టి నిర్ణయించను. నీటిలోకి ఎలాగైనా దూకవచ్చు; అలసిపోయి, చలికి వేళ్ళు బిగుసుకుపోయాక బయటికి ఎలా ఎక్కుతాము అన్నదే నా ప్రశ్న.

ఆ లెక్కన దీవి తూర్పు వైపునున్న చర్చ్ ఓప్ కోవ్ మాకు నచ్చింది. పాడుబడిన కోట కింద నుంచి నిటారైన మెట్లు దిగాలి. ఒక్కొక్కరం ఎనిమిది కిలోల సీసంతో, ఫిన్స్‌తో దిగడం కష్టమే, ఎక్కడం అంతకంటే కష్టం. కాని పడమటి గాలికి కొండ అడ్డు ఉంటుంది, రేవు లోపల నీరు నెమ్మదిగా ఉంటుంది. అష్టమి రోజులు కావడంతో అక్కడ పోటుపాట్ల తేడా మీటరు కూడా లేదు. అయినా దీవి దక్షిణపు కొసన, 1906లో కట్టిన ఎర్ర పట్టీ దీపస్తంభం ఎదుట, నీరు ఉడుకుతున్నట్టు పొర్లుతూనే ఉంది. పోర్ట్‌లాండ్ రేస్ అనే ఆ ప్రవాహం దరిదాపులకు ఈతగాడు పోకూడదు. దాన్ని ఒడ్డు నుంచి చూడడానికైనా ఒక సాయంత్రం కేటాయించమని చెబుతాను, ఎందుకంటే దాన్ని చూశాక పోటు పట్టికను ఎవరూ తేలికగా తీసుకోరు.

మొదటిరోజు నన్ను బాధపెట్టినది సముద్రం కాదు, అద్దె వెట్‌సూట్. ఒక సంస్థ నుంచి పోస్టులో తెప్పించుకున్న ఆ సూట్ ఇచ్చిన కొలతలకు సరిపోలేదు. నడుము దగ్గర, మెడ దగ్గర వదులుగా ఉండి, మునిగిన ప్రతిసారీ చల్లని నీరు వెన్ను మీదుగా పారింది. నీటి ఉష్ణోగ్రత 17 డిగ్రీలు. వినడానికి అదేమంత చలి కాదనిపిస్తుంది. కాని నలభై నిమిషాలకు నా దవడలు వణికి స్నార్కెల్ పట్టు తప్పింది. ఒంటికి అతుక్కునే అయిదు మిల్లీమీటర్ల సూట్ లేకుండా ఈ నీటిలో దిగవద్దు. సూట్‌ను అద్దెకు తీసుకోక తప్పకపోతే దుకాణానికి వెళ్ళి తొడుక్కుని చూశాకే తీసుకోండి. మా బావమరిది తన పాత సూట్‌ను నాకిచ్చి, రెండోరోజంతా ఒడ్డునే కూర్చున్నాడు. ఒంటరిగా మునగకూడదనే నియమం వల్ల నేను మోకాళ్ళ లోతు దాటలేదు.

మూడోరోజు ఊరి దుకాణంలో నాకు సరిపడే సూట్ దొరికింది. ఆ తెల్లవారుజామునే ఈ యాత్రలో నేను మరచిపోలేని దృశ్యాన్ని చూశాను. అయిదు మీటర్ల లోతున, కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు మొదళ్ళ మధ్య, ఒక బండను ఎడమచేత్తో పట్టుకుని బోర్లా పడుకున్నాను. నీటిలో నాలుగు మీటర్ల దూరం వరకే కనిపిస్తోంది. ఇక్కడ చేప వెంట పడితే చేప దొరకదు. కదలకుండా ఉంటే బాస్ తానే చూడడానికి వస్తుంది. మొదట ఒక బూడిదరంగు నీడ, తరువాత నల్లటి కన్ను, ఆపైన వెండిరంగు పక్క కనిపించాయి. వీపు మీద ముళ్ళ రెక్క నిక్కబొడుచుకుని ఉంది. మన పండుగప్పను గుర్తుకు తెచ్చే రూపమే కాని రెండూ వేర్వేరు కుటుంబాల చేపలు. అది పక్కకు తిరిగిన క్షణాన ఈటె వదిలాను. పైకి వచ్చి కత్తితో వెంటనే ప్రాణం తీసి కొలిస్తే 51 సెంటీమీటర్లు. రెండోది కొట్టే అనుమతి ఉన్నా, మా బావమరిది బోయా పట్టుకుని, "బావా, ఇద్దరికీ ఇది చాలు. పద, పోదాం" అన్నాడు. ఆ మాటలో సబబు ఉంది.

పోర్ట్‌లాండ్‌లో మేము దిగిన గెస్ట్‌హౌస్‌ను మాత్రం సిఫార్సు చేయలేను. రాత్రికి 95 పౌండ్లు. గది శుభ్రంగా ఉంది, పొద్దుటి ఫలహారం బాగుంది. కాని తడిబట్టలు లోపలికి తేవద్దన్నారు, ఆరుబయట కుళాయి లేదు, చేపను ఉంచడానికి ఫ్రిజ్‌లో చోటు అడిగితే కుదరదన్నారు. వారి ఇల్లు, వారి ఇష్టం. నేను ముందే ఫోన్ చేసి అడగవలసింది. రాత్రంతా కారు డిక్కీలో ముద్దగా పడి ఉన్న సూట్‌ను తెల్లవారుజామున సబ్బునీళ్ళు పోసుకుని తొడుక్కోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. కాలినడక యాత్రికుల కోసం నడిచే యూత్ హాస్టళ్ళలో తడిబట్టలు ఆరేసుకునే గది సాధారణంగా ఉంటుంది. మళ్ళీ వెళితే అటువంటి చోటే దిగుతాను.

ఆగస్టు 30న కార్న్‌వాల్‌లోని లిజార్డ్ ద్వీపకల్పానికి చేరాము. బ్రిటన్ ప్రధాన భూభాగానికి దక్షిణపు కొస అది. కవరాక్ ఊరికి దగ్గర్లో ఒక చిన్న క్యాంప్‌సైట్‌లో గుడారం వేసుకున్నాము. రాత్రికి ఇద్దరికీ కలిపి 28 పౌండ్లు. పోర్ట్‌లాండ్‌లో సగం ధర కూడా కాదు, కాని వేటగాడికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి: ఆరుబయట కుళాయి, గాలి ఆడే రేకుల పాక, ఐస్ ప్యాకులు గడ్డకట్టించుకునే ఫ్రీజరు, చేపలు శుభ్రం చేసుకునే రాతి పలక. యజమానురాలు ప్రతి ఉదయం పోటు వేళలను పలక మీద సుద్దతో రాసి, గాలి ఏ దిక్కున ఉందో చెప్పేవారు. రెండో సాయంత్రం రెడింగ్ నుంచి తెచ్చుకున్న చింతపండుతో క్యాంపు పొయ్యి మీద బాస్ పులుసు పెట్టి ఆమెకూ ఒక గిన్నె ఇచ్చాము. మరునాడు గిన్నెలో తన తోటలోని టమాటాలు పెట్టి తిరిగి ఇచ్చారు.

ఇక్కడి నీరు డోర్సెట్ నీటి కంటే తేట. ఒకరోజు ఎనిమిది మీటర్ల దూరం దాకా కనిపించింది. అయితే అమావాస్య దగ్గరపడుతోంది. పోటుపాట్ల తేడా నాలుగు మీటర్లు దాటే రోజులవి. కవరాక్‌కు ఉత్తరాన మానకిల్స్ అనే రాతిగుట్టలు నీటిపైకి పళ్ళలా పొడుచుకుని ఉంటాయి. 1898 అక్టోబరు 14న మొహేగన్ అనే ఓడ వాటిని ఢీకొని మునిగి 106 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడికి ఒక పూట పడవ మాట్లాడుకున్నాము. పడవ నడిపే ఆయన మా సూట్లు, బోయాలు, జెండా, కత్తులు అన్నీ చూసి, మునిగే అనుభవం ఎంతో అడిగి, చివరికి ఆరోజు మానకిల్స్‌కు తీసుకువెళ్ళనని చెప్పారు. నీరు నిలకడగా ఉండేది అరగంటే, ఆ తరువాత మిమ్మల్ని ఏరుకోవడానికి నేను సముద్రమంతా తిరగాలి, అన్నారు. డబ్బు తీసుకుని తీసుకుపోయేవారు ఉండవచ్చు. కాదన్న మనిషిని నేను ఎక్కువ గౌరవిస్తాను. ఆయన మమ్మల్ని లోతట్టు రేవుల్లోనే తిప్పి, ప్రతి మునకకూ తల లెక్కపెట్టారు.

అక్కడ రెండు ఘటనలు జరిగాయి. ఒక బండ కింద టార్చి వేస్తే పెద్ద రొయ్యలాంటి ముదురునీలం లాబ్‌స్టర్ కనిపించింది. మా బావమరిది వీపు పట్టి బయటికి తీసి తిప్పి చూపాడు: తోక అడుగున నల్లటి గుడ్లు ఆవాలు దట్టంగా అంటించినట్టు మెరుస్తున్నాయి. గుడ్లు మోసే లాబ్‌స్టర్‌ను ఒడ్డుకు తేవడం ఇంగ్లండ్‌లో 2017 నుంచి నిషేధం. గుడ్లు లేకపోయినా వీపు పెంకు కొలత చూడాలి, కార్న్‌వాల్‌లో అది 90 మిల్లీమీటర్లు. మెల్లగా దాని బొరియలోనే దింపాము. రెండోది, నేను కొట్టిన పొలాక్ చేపను బోయాకు కట్టి మళ్ళీ మునిగేలోగా సీల్ అనే బూడిదరంగు సముద్ర జంతువు వచ్చి, దాని పొట్ట భాగం చక్కగా కొరుక్కుని పోయింది. అది ఉండే చోటికి మేమే వెళ్ళాము కనుక ఆ పూటకు వేట ఆపేశాము. పొలాక్ నిల్వలు తగ్గిపోవడంతో 2024లో ఈ తీరాన వాణిజ్య వేటకు కోటాను సున్నా చేశారు. మాకు నిషేధం లేకపోయినా ఆ ఒక్కటి కొట్టినందుకే మనసు ఒప్పలేదు, మళ్ళీ కొట్టలేదు. ముదురు రంగుల బాలన్ రాస్ చేపలను అసలు ముట్టలేదు. అవన్నీ ఆడవిగా పుట్టి, కొన్ని పెద్దయ్యాక మగవిగా మారతాయి. పెద్ద చేపను కొడితే ఆ బండల దగ్గరున్న ఒక్క మగచేపే పోవచ్చు.

సెప్టెంబరు 2, పోలాల అమావాస్య. ఆరోజు నీటిలోకి దిగలేదు. లిజార్డ్ కొసన పాముచర్మంలా మచ్చలున్న సర్పెంటైన్ రాళ్ళ మీద కూర్చుని, పాటు నీరు రేవు నుంచి లాగుకుపోవడం చూశాము. ఆ రాయి తడిస్తే నూనె రాసినట్టు జారుతుంది; రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి. ఆ మధ్యాహ్నం నేను శిక్షణలో నేర్చిన ఒక సంగతిని మా బావమరిదికి మళ్ళీ చెప్పాను, ఇక్కడా చెబుతాను. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడు తగ్గి, ఊపిరాడని బాధ ఆలస్యంగా తెలుస్తుంది. అడుగున బాగానే ఉన్నట్టుంటుంది. పైకి వస్తుంటే నీటి ఒత్తిడితోపాటు ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడీ పడిపోయి, చివరి కొద్ది మీటర్లలో స్పృహ తప్పుతుంది. నొప్పి ఉండదు, హెచ్చరిక ఉండదు. అందుకే ఒకరు మునిగితే ఒకరు పైనుంచి చూస్తుండాలి, పైకి వచ్చినవాడు మూడు ఊపిర్లు తీసేదాకా కన్ను తిప్పకూడదు. ఆపద వస్తే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి.

తిరుగు దారిలో రెండు రోజులు దక్షిణ డెవన్‌కు ఇచ్చాము. వాన పడింది, వాగులన్నీ ఎర్రమట్టిని కడలిలో కలిపాయి, చేయి చాస్తే వేళ్ళు కనిపించని నీరు. దిగలేదు. డెవన్‌లో నీట మునిగి పీతలను, లాబ్‌స్టర్లను చేత్తో పట్టడానికి అనుమతి పత్రం తీసుకోవాలని అక్కడే తెలిసింది. దిగలేని ఆ పూట కొండ దారిన నడిచి హాల్‌శాండ్స్ శిథిలాలను చూశాము. 1890లలో ప్లిమత్ నౌకాశ్రయ పనుల కోసం ఆ ఊరి ముందరి గులకరాళ్ళ గట్టును తవ్వి తీసుకుపోయారు. అడ్డు పోయిన ఊరిని 1917 జనవరి తుఫాను ఊడ్చేసింది. మిగిలిన రెండు మూడు గోడలను చూస్తూ ఉప్పాడలో కడలి కోసుకుపోయిన ఇళ్ళను తలచుకున్నాను. మా అమ్మమ్మగారి వీధిలో కొబ్బరిచెట్లు ఉండేవని చెబితే అక్కడి పిల్లలు ఇప్పుడు నీళ్ళ వైపు చూస్తారు.

మొత్తం పది రోజుల్లో మేము ఇంటికి తెచ్చుకున్నది ఒకే ఒక్క బాస్. లిజార్డ్ ఫ్రీజరు పుణ్యాన అది గట్టిగా గడ్డకట్టి వచ్చింది. మళ్ళీ వెళ్ళేది లిజార్డ్‌కే కాని అమావాస్య దగ్గర కాదు. 2025లో కృష్ణాష్టమి ఆగస్టు 16న అని చూసుకున్నాము. ఆ వారానికి అదే క్యాంప్‌సైట్‌లో, రేకుల పాకకు దగ్గరి చోటు కోసం అడ్వాన్సు కట్టాము. పడవ ఆయన నీరు నిలకడగా ఉంటే మానకిల్స్ చూపిస్తానన్నారు.