ఫిజిక్సా, భూవిజ్ఞానమా, రెండూ కలిపిన కోర్సా: డిగ్రీకి ఏది మేలు?

భూకంపాలు, అగ్నిపర్వతాలు, మంచుయుగాలు, వీటి గురించి ఎక్కడ ఏం దొరికినా వదలకుండా చదువుతారు, లెక్కలు కూడా బాగానే వస్తాయి, స్కూలు చదువు అయిపోయింది, ఇప్పుడు దరఖాస్తులో ఏ కోర్సు పేరు రాయాలి? నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్లు తగ్గడం లేదు. నా దగ్గరికి వచ్చేసరికే వాళ్లకి ఎవరో ఒకరు చెప్పేసి ఉంటారు: "ముందు ఫిజిక్స్ చెయ్యి, జియాలజీ (భూవిజ్ఞానం) వైపు తర్వాత ఎప్పుడైనా వెళ్లొచ్చు, అటునుంచి ఇటు రావడమే కష్టం." ఈ సలహాలో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియక నేను రెండేళ్లు ఇబ్బంది పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఎటు మొగ్గుతానో ముందే చెప్పడం న్యాయం. డిగ్రీ ఫిజిక్స్‌లో చేసి, పీజీలో జియోఫిజిక్స్‌కి, అంటే భూమిని ఫిజిక్స్ పద్ధతులతో చదివే శాస్త్రానికి మారాను. మళ్లీ మొదలుపెట్టమన్నా ఫిజిక్సే తీసుకుంటాను, కానీ అప్పుడు చదివిన పద్ధతిలో మాత్రం చదవను.

ఫిజిక్స్ మొదటి ఏడాదిలో భూమి ఊసే ఉండదు. ఇది ముందే తెలిస్తే నిరాశ తగ్గుతుంది. మెకానిక్స్, తరంగాలు, విద్యుత్తు, అయస్కాంతత్వం, వారం వారం ల్యాబు, వీటన్నిటి అడుగున ఆగకుండా సాగే కాలిక్యులస్. భూకంప తరంగాల గురించి ఎప్పుడు చెబుతారా అని మీరు ఎదురుచూస్తుంటే, వాళ్లు స్ప్రింగుకి వేలాడే బరువు గురించి వారాల తరబడి చెబుతారు. ఆ స్ప్రింగు లెక్కే భూకంపాన్ని నమోదు చేసే సీస్మోమీటరుకి ప్రాణమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది, మొదట్లోనే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పాఠాలు ఇంకెంత ఇష్టంగా వినేవాడినో.

ల్యాబు దగ్గర కాస్త ఆగాలి. లోలకం ప్రయోగమే తీసుకోండి. మీటరు దారం, చివర చిన్న గుండు, ఒక పూర్తి ఊపుకి దాదాపు 2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చెయ్యి 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుంది అనుకుందాం. ఒక్క ఊపుని కొలిస్తే ఆ తేడా 10 శాతం, గురుత్వాకర్షణ విలువ కట్టడానికి కాలాన్ని వర్గం చేయాలి కాబట్టి జవాబులో అది దాదాపు 20 శాతం అవుతుంది, ఇక ఆ కొలత ఎందుకూ పనికిరాదు. అదే 20 ఊపుల్ని కలిపి 40 సెకన్లు కొలిచారనుకోండి, అదే చెయ్యి, అదే వాచీ, తేడా అర శాతానికి పడిపోతుంది, జవాబులో ఒక శాతం. చూడటానికి చిన్న విషయమే గానీ ఇది ఒంటబడితే జీవితాంతం ఉంటుంది. నేల కింద గుహ ఉందా, బరువైన ఖనిజం ఉందా అని గురుత్వాకర్షణ సర్వేలో వెతికేటప్పుడు దొరికే తేడాలు మిల్లీగాల్ లెక్కలో ఉంటాయి, మిల్లీగాల్ అంటే మొత్తం విలువలో దాదాపు పది లక్షల్లో ఒక వంతు. పరికరాన్ని ఒక్క మీటరు పైకి ఎత్తితేనే రీడింగు 0.3 మిల్లీగాల్ తగ్గిపోతుంది. మీ కొలతని మీరే అనుమానించే అలవాటు లేకపోతే అక్కడ గుహ లేకపోయినా కనిపిస్తుంది.

భూవిజ్ఞానం దీనికి పూర్తిగా భిన్నంగా మొదలవుతుంది. మొదటి వారాల్లోనే చేతిలో రాయి పెడతారు. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే కొలమానంలో క్వార్ట్జ్‌ది 7, కాబట్టి గాజుని గీస్తుంది, కాల్సైట్‌ది 3, అది గీయలేదు, పైగా దాని మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. తర్వాత రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ధ్రువణ కాంతిలో (ఒకే దిశలో కంపించే కాంతిలో) తిప్పుతూ ఖనిజాల్ని గుర్తుపట్టడం. (ఈ ధ్రువణం గురించి నేను ఫిజిక్స్ పరీక్షలో పేజీలకు పేజీలు రాశాను, దానితో క్వార్ట్జ్‌నీ ఫెల్డ్‌స్పార్‌నీ విడదీయొచ్చని మాత్రం పీజీకి వచ్చేదాకా చూడలేదు.) గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు చాలా ఉంటాయి, ఖనిజాలు, శిలలు, భూయుగాలు, శిలాజాలు. బట్టీ అంటే గిట్టనివాళ్లకి మొదటి ఏడాది భారంగానే ఉంటుంది, నిజం చెప్పాలి కదా. కాకపోతే ఆ పేర్లు ఒక భాషలాంటివి, రెండు మూడు సార్లు బయట ఫీల్డులో వాడితే వాటంతటవే నిలుస్తాయి.

ఫీల్డు అన్నాను కాబట్టి ఒక రోజు సంగతి చెబుతాను. పీజీలో మొదటి ఫీల్డు, రోడ్డు కోసం తొలిచిన కొండ పక్కన నిలబెట్టి, ఏమీ రాయకుండా కనిపించింది మాత్రం గీయమన్నారు. నాకు అడ్డంగా పొరలు కనిపించాయి, వాటిని గీసి, ఏటవాలు కొలిచి, పదిహేను నిమిషాల్లో పని అయిపోయిందనుకున్నాను. పక్కనే జియాలజీ డిగ్రీ చేసి వచ్చిన అమ్మాయి భూతద్దం పట్టుకుని గంటసేపు ఒకే పొర ముందు కూర్చుంది. నీళ్లలో ఇసుక దిగేటప్పుడు ముందు గరుకు రేణువులు పడతాయి, ఆ పైన సన్నవి చేరతాయి, కాబట్టి ఇలాంటి పొరలో అడుగు గరుకుగా, పైభాగం మెత్తగా ఉండాలి. ఇక్కడ ప్రతి పొరలోనూ అది తలకిందులుగా ఉంది. అంటే ఆ కొండ భాగమంతా మడతపడి బోర్లా తిరిగిపోయింది, పైన కనిపించేదే పాత రాయి. నేను గీసిన గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కోణాలు కూడా సరైనవే, కానీ వాటితో మోడల్ కట్టి ఉంటే ఏది ముందో ఏది వెనకో మొత్తం తిరగబడేది. కంప్యూటరులో ఎంత గొప్ప లెక్క వేసినా ఆ తప్పు బయటపడదు.

"ఫిజిక్స్ చేసినవాళ్లు తర్వాత ఎప్పుడైనా రావచ్చు" అనే మాటలో దాగి ఉన్న రెండో సగం ఇదే. రావచ్చు, సీటు ఇస్తారు, పేపర్లు కూడా పాసవుతారు. చూపు మాత్రం సెమిస్టర్లలో రాదు, కొండల దగ్గర గడిపిన రోజుల లెక్కన వస్తుంది, ఇరవై ఏళ్ల వయసులో వేసవి సెలవుల్లో గడిపినన్ని రోజులు ఆ తర్వాత దొరకవు. ఇక అటువైపు కష్టం కూడా తక్కువేం కాదు. నా పక్కన కూర్చున్న ఆ అమ్మాయే ఫోరియర్ విశ్లేషణ (తరంగాన్ని సాదా తరంగాలుగా విడదీసే లెక్క), పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వచ్చేసరికి విపరీతంగా టెన్షన్ పడింది, తెలివి లేక కాదు, మూడేళ్లుగా లెక్కలు వదిలేయడం వల్ల. సాయంత్రాలు ఇద్దరం ఒకరికొకరం నేర్పుకున్నాం. నా అంచనాలో లెక్కలు పోగొట్టుకోవడమే పెద్ద నష్టం, అందుకే ఇప్పటికీ మొగ్గు ఫిజిక్స్ వైపే.

చరిత్ర చూసినా రెండు రకాల సాక్ష్యమూ దొరుకుతుంది. ఖండాలు పలకల మీద ఎలా కదులుతాయో 1967, 68 ప్రాంతంలో లెక్కకట్టి చూపిన డాన్ మెకెంజీ, జేసన్ మోర్గాన్ ఇద్దరూ ఫిజిక్స్ చదువుకుని వచ్చినవాళ్లే. భూమి నడిమధ్యన ఘనమైన గుండ్రటి భాగం ఉందని 1936లో భూకంప తరంగాల నుంచి పసిగట్టిన ఇంగె లేమాన్ చదివింది గణితం. కానీ ఆ ఘన భాగం సంగతి ఇంకా తెలియని 1926లోనే భూమి కోర్ (నడిమి గోళం) ద్రవమని వాదించి నిలబెట్టిన హెరాల్డ్ జెఫ్రీస్, అంతటి గణితవేత్త, ఖండాలు కదులుతాయన్న మాటని చివరిదాకా ఒప్పుకోలేదు. అంతకు ముందు భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌దీ ఇదే కథ. కరిగిన ముద్దగా మొదలైన భూమి ఈ స్థాయికి చల్లారడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కేసి 1862లో 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లన్నాడు, 1897కి దాన్ని 2 నుంచి 4 కోట్లకి కుదించాడు. ఇన్ని పొరలు పేరుకోవడానికి ఆ కాలం చాలదని జియాలజిస్టులు మొత్తుకున్నారు, వాళ్ల దగ్గర బదులుగా చూపడానికి గట్టి అంకె లేదు. ఒకప్పుడు కెల్విన్ దగ్గర సహాయకుడిగా చేసిన ఇంజినీరు జాన్ పెర్రీ 1895లో వాళ్ల మాటని పట్టించుకుని, లోపలి పదార్థం కదులుతూ వేడిని మోసుకొస్తుంటే వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపించాడు. యురేనియం తెలిసిన వేగంతో నెమ్మదిగా సీసంగా మారుతుంది కాబట్టి, 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. కెల్విన్ సమీకరణాన్ని సాధించడంలో ఎక్కడా పొరబడలేదు, ఆ సమీకరణం ఈ భూమికి సరిపోతుందా అన్న దగ్గరే పొరబాటు జరిగింది.

అలాంటప్పుడు రెండూ కలిపిన కోర్సే తీసుకుంటే పోలేదా అంటారు. చాలామందికి అదే మేలు కావచ్చు, కాకపోతే పేరు చూసి మోసపోకూడదు, సిలబస్ తెరవాలి. నేనైతే మొదట రెండో ఏడాది గణితం చూస్తాను: వెక్టర్ కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఫోరియర్, ఈ మూడూ ఫిజిక్స్ విద్యార్థులతో కలిపి ఒకే క్లాసులో చెబుతున్నారా, లేక "భూవిజ్ఞానానికి గణితం" అని పలచబరిచిన పేపరు పెట్టారా? పలచబరిచిందైతే ఆ కోర్సు నుంచి జియోఫిజిక్స్‌కి వెళ్లేటప్పుడు నా స్నేహితురాలు పడిన కష్టమే మీకూ ఎదురవుతుంది. ఆ తర్వాత ఫీల్డులో మొత్తం ఎన్ని రోజులు గడుపుతారో అడుగుతాను, ఆ జవాబు అంకెలో రావాలి, "చాలా ఉంటుంది" అంటే కుదరదు. ప్రోగ్రామింగు ఎప్పటినుంచి చెబుతారో కూడా చూడండి. రెండు డిపార్ట్‌మెంట్లు నడిపే కోర్సులో టైమ్‌టేబుల్ గొడవ మామూలే, ల్యాబూ ఫీల్డూ ఒకే వారంలో పడతాయి, ఏ డిపార్ట్‌మెంటూ మిమ్మల్ని తన విద్యార్థిగా చూడకపోవచ్చు, అందుకని ఇప్పటికే ఆ కోర్సులో మూడో ఏడాది చదువుతున్నవాళ్లతో ఒకసారి మాట్లాడితే మంచిది. ఇవన్నీ సరిగ్గా కుదిరితే దానికి మించింది లేదు. సముద్రపు అడుగు పటాలు గీసిన మేరీ థార్ప్ జియాలజీలో మాస్టర్స్ చేసి, ఆపైన గణితంలో ఇంకో డిగ్రీ తీసుకుంది. ఓడలు సోనార్‌తో (శబ్దపు ప్రతిధ్వనితో) కొలిచి తెచ్చిన అట్లాంటిక్ లోతుల్ని 1950ల మొదట్లో చేత్తో గీస్తుండగా, సముద్రం మధ్య పర్వతశ్రేణి నెత్తిన లోతైన లోయ ఒకటి వరసగా ప్రతి గీతలోనూ కనిపించింది. ఆ అంకెల్ని లోయగా చదవగలగడం రెండు చదువుల ఫలితమే అని నా నమ్మకం.

ఉద్యోగాల గురించి క్లుప్తంగా చెప్తాను. ఫిజిక్స్ డిగ్రీ ఎక్కువ తలుపులు తెరుస్తుంది, పరికరాలు, డేటా, ఉపగ్రహాలు, వాతావరణ మోడళ్లు. జియాలజీకి తలుపులు తక్కువ, కానీ అవి దానికే తెరుచుకుంటాయి: భూగర్భజలం, ఖనిజాలు, ఆనకట్టలకీ సొరంగాలకీ పునాది పరీక్షలు. కొన్ని దేశాల్లో జియాలజిస్టుగా నివేదిక మీద సంతకం పెట్టాలంటే లైసెన్సు ఉండాలి, దానికి జియాలజీ పేపర్లు ఇన్ని చదివి ఉండాలన్న నియమం ఉంటుంది, ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లు అక్కడే చిక్కుకుంటారు. మీకు ఆ పనే కావాలని ఇప్పటికే తెలిస్తే, బయట తిరగడం ఇష్టమైతే, అసంపూర్ణమైన ఆధారాలతో ఒక నిర్ణయానికి రావడం మిమ్మల్ని కంగారుపెట్టకపోతే, నా మొగ్గుని పక్కనపెట్టి నేరుగా జియాలజీలోనే చేరండి.

ఏదీ తేలడం లేదంటే ఫిజిక్స్‌లో చేరి, మొదటి ఏడాది నుంచే ఒక భూవిజ్ఞాన పేపరు అదనంగా తీసుకోండి, ప్రతి వేసవిలో కనీసం ఒక వారం ఏదో ఒక ఫీల్డు బృందం వెంట వెళ్లండి, సంచులు మోయడానికైనా సరే. నేను చేయనిది అదే. ఆర్థర్ హోమ్స్ లండన్‌లో ఫిజిక్స్ చదవడానికి చేరి, రెండో ఏడాదిలో వద్దన్నా వినకుండా జియాలజీ క్లాసుకి వెళ్లాడు, అటునుంచి అటే ఆ దారి పట్టి, 1911లో యురేనియం, సీసం నిష్పత్తితో ఒక రాతి వయసు 37 కోట్ల ఏళ్లని కట్టాడు. అతనికి రెండో ఏడాదిలో ఆ క్లాసుకి వెళ్లే వీలుంది. మీరు చేరబోయే చోట ఉందో లేదో, మేజర్ మార్చుకోవడానికి గడువు ఎప్పటిదాకానో, మారితే ఏ క్రెడిట్లు పోతాయో ఫీజు కట్టకముందే అడగండి, జవాబుని మెయిల్‌లో రాసి పంపమనండి.