దూరపు కొండబాటకు ముందు ఏది మేలు: అలిపిరి మెట్లా, శ్రీవారి మెట్టా?

శ్రీవారి మెట్టు నిటారుగా ఉంటుంది కాబట్టి కాళ్ళకు అదే గట్టి సాధన అని తిరుపతిలో ఎవర్ని అడిగినా చెబుతారు. వారాల తరబడి కొండబాట నడవబోయేవాళ్ళకు మాత్రం నేను అలిపిరి దారినే చెబుతాను. అదీ ఎక్కడం కోసం కాదు, దిగడం కోసం.

అమెరికాలో అట్లాంటాలో ఉండే మా మేనల్లుడు వచ్చే వసంతంలో అప్పలాచియన్ ట్రైల్ మొదలుపెట్టాలనుకుంటున్నాడు. జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగిసే బాట అది. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. మొత్తం ఒకే ఊపులో నడవాలని బయలుదేరేవాళ్ళలో చివరిదాకా చేరేది సుమారు నలుగురిలో ఒక్కరే. సెలవుల్లో ఊరికి వచ్చి, "మామా, కాళ్ళు గట్టిపడాలంటే ఏ దారిన ఎక్కమంటావు?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ బాట మొదటి వారాల్లో ఏం చేస్తుందో చూడాలి. జార్జియాలో కొండలు మరీ ఎత్తయినవి కావు. కానీ ఎక్కిన ప్రతి కొండనూ దిగాలి, దిగిన వెంటనే ఇంకోటి ఎక్కాలి. సుమారు 50 కిలోమీటర్ల దగ్గర నీల్ గ్యాప్ అనే కనుమ వస్తుంది. దానికి ముందు 1,359 మీటర్ల బ్లడ్ మౌంటెన్ ఎక్కి, నాలుగు కిలోమీటర్లలోపే దాదాపు 400 మీటర్లు దిగాలి, వీపు మీద గుడారం, తిండి, నీళ్ళు పెట్టుకుని. ఆ కనుమలో ఒక దుకాణం ఉంది. దాని ముందున్న చెట్టుకు నడకవాళ్ళ పాత బూట్లు గుత్తులుగా వేలాడుతుండేవి. అక్కడితో నడక చాలించి ఇంటిదారి పట్టేవాళ్ళు ఏటా ఉంటారు. వాళ్ళలో ఆయాసం తట్టుకోలేక పోయేవాళ్ళ కంటే మోకాళ్ళు, మడమలు, పాదాల బొబ్బలు తట్టుకోలేక పోయేవాళ్ళను గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను. ఎందుకంటే ఇంటి దగ్గరే కొంతవరకు నివారించగల బాధలు అవి.

ఊపిరి, గుండె కొద్ది వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటుపడతాయి. కండరం కూడా తొందరగానే బలపడుతుంది. కండరాన్ని ఎముకతో కలిపే స్నాయుబంధనాలకు రక్తప్రసరణ తక్కువ. అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. అందుకే రెండో వారంలో "నాకు ఊపు వచ్చేసింది" అని రోజుకు ముప్పై కిలోమీటర్లు నడిచేవాళ్ళకు మూడో వారంలో మడమ వెనక వాపు వస్తుంది. ఊపిరి సిద్ధంగా ఉంది, కాలు ఇంకా లేదు.

ఇప్పుడు మన రెండు దారులు. చంద్రగిరి వైపు శ్రీనివాసమంగాపురం దాటి వెళ్తే వచ్చే శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే, మెట్లు 2,388. ఓపిక ఉన్నవాళ్ళు గంటన్నరలో కొండ మీద ఉంటారు. గుండె వేగం పెరగాలన్నా, తొడలు మండాలన్నా దీన్ని మించింది లేదు. పొద్దున ఎక్కి ఆఫీసుకు పోవాలనుకునేవాళ్ళకు కూడా అనువు. కానీ దూరపు నడకకు కావలసింది ఈ గంటన్నర కాదు. నాలుగో గంటలో కాలు ఎలా పడుతుందన్నదే అసలు విషయం.

అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. పాదాల మండపం దగ్గర మొక్కి బయలుదేరితే, తలయేరు గుండు దగ్గర జనం మోకాళ్ళు ఆనించి నొప్పులు రాకూడదని వేడుకుంటారు. కొండ నడకలో ముందు దెబ్బతినేది ఏదో మన పెద్దలకు బాగా తెలుసు. గాలిగోపురం దాకా రెండువేలకు పైగా మెట్లు ఒకే బిగిన. ఆ తరువాత జింకల వనం, ఘాట్ రోడ్డు పక్క నడక, ఏడో మైలు ఆంజనేయస్వామి, అవ్వాచారి కోన. కాళ్ళు తేలికపడి ఒళ్ళు చల్లబడ్డాక, చివర్లో మోకాళ్ళ పర్వతం మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. అలసిన కాలితో రెండోసారి ఎక్కడం అంటే ఇదే, అచ్చం జార్జియా కొండల వరస. ఒకే బిగిన ఎక్కి ముగించే శ్రీవారి మెట్టులో ఈ అనుభవం దొరకదు.

ఇక దిగడం. మనవాళ్ళు నడిచి ఎక్కుతారు, దర్శనం చేసుకుంటారు, బస్సులో దిగుతారు. మొక్కుకు అది చాలు. సాధనకు మాత్రం అక్కడే సగం పని మిగిలిపోతుంది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపాలి. మెట్టు దిగే ప్రతిసారీ మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది. మొదటిసారి పూర్తిగా దిగితే రెండో రోజున కూర్చుని లేవడం కష్టమవుతుంది. కానీ ఒకసారి ఆ నొప్పి పడి కోలుకున్న కండరం తరువాతి దిగుడుకు అంతగా నొవ్వదు, ఆ మేలు కొన్ని వారాలు నిలుస్తుంది. విమానం ఎక్కేముందు ఈ నొప్పి ఇక్కడే పడిపోవాలి. శ్రీవారి మెట్టు దిగినా ఈ ఫలం కొంత వస్తుంది. అయితే మొదటిసారే అంత నిటారుగా దిగితే మోకాలికి ప్రమాదం. అలిపిరిలో మధ్యలో చదును నేల ఉంది, కాలు తేరుకుంటుంది. మొదట గాలిగోపురం దాకా ఎక్కి దిగండి. అది తేలికయ్యాకే మొత్తం దారి.

సంచి గురించి ఒక మాట. అలిపిరిలో సామాను ఇచ్చేస్తే దేవస్థానంవాళ్ళే పైకి చేరుస్తారు. మీరు ఇవ్వకండి, మోయండి. మొదట రెండు మూడు కిలోలు చాలు, నెమ్మదిగా పెంచండి. చాలామంది చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. భక్తితో అలా ఎక్కే రోజు వేరుగా పెట్టుకోండి. సాధన రోజు మాత్రం ఆ దూరపు బాటలో వేసుకోబోయే బూట్లు, మేజోళ్ళే వేసుకోవాలి. తడిసిన మేజోడు ఎక్కడ ఒరుసుకుంటుందో నాలుగు గంటలు నడిస్తేగాని తెలియదు. గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కే ముసలివాళ్ళను తోసుకుంటూ పరుగెత్తడం, గడియారం చూసుకుంటూ పందెం పెట్టుకోవడం ఈ దారిలో తగదు. నిదానంగా నడవడం మీ కాలికీ మంచిదే.

మెట్లతో తీరనిది ఒకటుంది. మెట్టు సమంగా ఉంటుంది, అడవి నేల ఉండదు. రాళ్ళు, వేర్ల మీద చీలమండ నిలదొక్కుకోవాలంటే తలకోన లాంటి చోట అటవీశాఖ అనుమతించిన దారుల్లో నడవాలి. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి వస్తుంది, అప్పుడు వెళ్ళగలిగితే ఇంకా మేలు. ఎర్రచందనం అడవిలోకి అనుమతి లేకుండా మాత్రం అడుగు పెట్టొద్దు.

మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా సాగే 4,265 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌కు పోయేవాళ్ళయితే లెక్క కొంచెం మారుతుంది. అక్కడ మొదటి వారాలు దక్షిణ కాలిఫోర్నియా ఎండలో, నీటికి నీటికి మధ్య చాలా దూరం. వాళ్ళకూ అలిపిరే. కాకపోతే ఆ మెట్ల మీది పైకప్పు నీడలో నడిచి ఎండకు అలవాటుపడ్డామనుకోకూడదు. నీళ్ళ సీసాల బరువు మోస్తూ బయట రోడ్డు మీద కూడా నడవాలి.

శ్రీవారి మెట్టును పూర్తిగా వదిలేయమనను. రెండు నెలలు అలిపిరి ఎక్కి దిగాక, పదిరోజులకొకసారి అక్కడ బరువుతో ఎక్కండి. సాయంత్రం ఆరింటికి ఆ దారి మూసేస్తారు, కాబట్టి మధ్యాహ్నం ఆలస్యంగా మొదలుపెట్టొద్దు. బయలుదేరేముందు చివరి పది రోజులు రెండు దారులూ మానేసి కాళ్ళకు విశ్రాంతి ఇవ్వండి. అక్కడికి చేరాక మొదటి రెండు వారాలు రోజుకు 12 నుంచి 16 కిలోమీటర్లకు మించకండి, ఎంత ఊపు ఉన్నా సరే.