నాలుగేళ్లు బాణాలు తిన్న ఫోమ్ జింక

విల్లు ప్రాక్టీసుకి టార్గెట్‌గా పెట్టుకునే ఈ ఫోమ్ జింక బొమ్మను 2021 జూన్‌లో కొన్నాను. నాలుగు వేసవులు, నాలుగు వేట సీజన్లు గడిచాయి. ఈలోగా బాణాలు తగిలే మధ్య ముక్క ఒకసారి మార్చాను, ఒక చెవి ఊడింది, కుడి కొమ్ము మా అబ్బాయి బాస్కెట్‌బాల్‌కి బలైంది. డెలివరీ ఎలా వచ్చింది, రంగు ఎలా ఉంది లాంటివి ఇప్పుడు రాసినా ఎవరికీ పనికిరావు. నేను దీన్ని కొన్నది ఒక్క ప్రశ్న కోసం. బతికున్న జింక మీద బాణం వేసేంత గురి నాకుందా లేదా? ఆ విషయంలో ఇది ఎంత పనికొచ్చిందో రాస్తాను.

మేముండేది పెన్సిల్వేనియాలో. మా వైపు విల్లు వేట అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేసి లైసెన్సు తీసుకుంటే అడవిలోకి వెళ్లొచ్చు. విల్లు లాగడానికి పట్టే బలం 35 పౌండ్లకు తగ్గకూడదని ఇక్కడి రూల్. బాణం మొన ఎంత వెడల్పు ఉండాలో కూడా రాసి ఉంటుంది. వేసేవాడి చెయ్యి ఎలా ఉండాలో మాత్రం ఎక్కడా ఉండదు, దానికి పరీక్షా లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పుట్టిన నాకు వేటంటే తాతయ్య చెప్పిన కబుర్లే. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్లు లేరు.

దీనికి ముందు నా దగ్గర ఉన్నది మామూలు ఫోమ్ డబ్బా. చుక్కలు పెట్టి ఉంటాయే, ఆ రకం. 2020 సెప్టెంబరు నాటికి 30 గజాల నుంచి ఆరు బాణాలు వేస్తే అన్నీ పిడికిలంత చోటులో పడేవి. ఫోటోలు తీసి బావకి పంపేవాణ్ణి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా కొలిస్తే ఎనిమిది నుంచి పది అంగుళాలు ఉంటుంది, అంటే పేపర్ ప్లేటంత. పిడికిలంత చోటులో వేసేవాడికి ప్లేటు ఒక లెక్కా అనుకున్నాను.

నవంబరులో ఒక సాయంత్రం 27 గజాల్లో ఆడజింక నిలబడింది. వేశాను. బాణం దొరికింది కానీ దాని మీద ఆకుపచ్చ పసరు, పేడ వాసన. పొట్టలో తగిలిందన్నమాట. ఊపిరితిత్తుల్లో తగిలితే బాణం మీద నురగలాంటి లేత ఎర్రటి రక్తం ఉంటుంది, అరగంట ఆగి వెతికితే చాలాసార్లు దగ్గర్లోనే దొరుకుతుంది. పొట్టలో తగిలిన జింక గంటల తరబడి బతికుంటుంది, తరిమితే ఇంకా దూరం పోతుంది. పొద్దున దాకా ఆగమని పక్కింటి పెద్దాయన చెప్పాడు. ఆయన నలభై ఏళ్లుగా వేటాడుతున్న మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మొక్కజొన్న చేను గట్టు మీద జింక కనిపించింది, అప్పటికే కొయొట్లు (ఇక్కడి నక్కల్లాంటి జంతువులు) వచ్చి పోయాయి.

నా ఫోటోలు పెద్దాయనకి చూపించాను. ఆయన ఒక్కటే అడిగాడు, వీటిలో మొదట వేసిన బాణం ఏది అని. నాకు తెలియదు. అసలు ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ తర్వాత కొన్నదే ఈ జింక. మొదటి వారమే తేడా తెలిసింది. దీని మీద చుక్క లేదు. వలయాలు గీసి ఉంటాయి కానీ ఇరవై గజాల నుంచి అవి కనిపించవు, కనిపించేదంతా గోధుమరంగు గోడ. చుక్క ఉన్నప్పుడు కన్ను దానంతట అదే అక్కడికి పోతుంది. ఇక్కడ ముందు కాలి మడత ఎక్కడుంది, దాని వెనక ఎంత, పొట్ట కింది అంచు నుంచి ఎంత పైకి అని మనమే చూసుకోవాలి. డబ్బా మీద పిడికిలంత ఉన్న నా గురి దీని మీద రెండు అరచేతులంత అయింది. విల్లు అదే, దూరం అదే.

వలయాల గురించి ఒక హెచ్చరిక. అవి ఇలాంటి జంతువుల బొమ్మల మీద బాణాలు వేసే 3డి పోటీల మార్కుల కోసం గీసినవి, జింక సరిగ్గా పక్కకి తిరిగి ఉంటేనే వాటికి అర్థం ఉంటుంది. బొమ్మను కాస్త తిప్పి, వెనక భాగం మనవైపు ఉండేలా ఏటవాలుగా నిలబెట్టి, అదే వలయంలో వేసి చూడండి. మార్కులు పదీ వస్తాయి, నిజం జింక అయితే బాణం ఒక ఊపిరితిత్తికే తగిలి ముందుకు పోతుంది. ఆ కోణంలో గురి అవతలి ముందు కాలి మీద పెట్టుకుని, బాణం ఇంకా వెనక నుంచి లోపలికి దూరి అటు బయటికొచ్చేలా వెయ్యాలి. రెండో ఏడాది నుంచి నేను వలయాలు చూడటం మానేశాను. ఎనిమిది అంగుళాల గుండ్రటి అట్టముక్క కత్తిరించి పెట్టుకున్నాను. బాణం వేశాక వెళ్లి, ఆ కోణానికి తగ్గట్టు అట్ట ఆనించి, లోపలా బయటా అని చూసుకుంటాను.

అన్నిటికంటే పనికొచ్చింది నోటుబుక్కు. 2022 వేసవిలో రోజూ పొద్దున ఆఫీసు కాల్స్‌కి ముందు ఒక్క బాణం వేసేవాణ్ణి. ఒళ్లు వేడెక్కించడం లేదు, రెండో బాణం లేదు. వేసి, రాసి, లోపలికి వచ్చి కాఫీ. మా ఆవిడ నవ్వేది, "దీనికోసమా అలారం పెట్టుకుని లేస్తున్నారు?" అని. 20 గజాల నుంచి నలభై పొద్దుల్లో ఒక్కటి అట్ట బయట పడింది. 30 నుంచి నలభైలో తొమ్మిది. సాయంత్రాలు అదే 30 నుంచి ముప్ఫై బాణాలు వేస్తే బయట పడేవి ఒకటో రెండో. అడవిలో నాకు దొరికేది పొద్దుటి బాణమే, సాయంత్రపు ముప్ఫయ్యో బాణం కాదు.

మా బావది విజయవాడ. ఫోన్ చేసినప్పుడల్లా, "మన జ్యోతి సురేఖ 50 మీటర్ల నుంచి 8 సెంటీమీటర్ల వలయంలో వేస్తోంది, నువ్వు ఇరవై గజాలకే ఇంత గొడవ చేస్తావేంట్రా" అంటాడు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చిన అమ్మాయితో నన్ను పోల్చడమే తప్పు. పోనీ పోల్చినా, అక్కడ దూరం ముందే తెలుసు, టార్గెట్ కదలదు, ఒకటి తొమ్మిదిలో పడితే తర్వాతి బాణం ఉంటుంది.

దూరం సంగతే చూడండి. నా బాణం వేగం సెకనుకు 270 అడుగులు. 35 గజాల్లో ఉన్న జింకను 40 అనుకుని వేస్తే బాణం దాదాపు నాలుగు అంగుళాలు పైన పడుతుంది. ఎనిమిది అంగుళాల అట్ట మధ్య నుంచి అంచుకి నాలుగే. అంటే నా చెయ్యి అణువంత కూడా తప్పకూడదు. 20 గజాల దగ్గర అదే పొరపాటుకి ఇంత నష్టం ఉండదు. అందుకే బొమ్మను ఎక్కడ పెట్టాలో మా అబ్బాయిని నిర్ణయించమనేవాణ్ణి. వాడు మాపుల్ చెట్టు పక్కనో షెడ్డు వెనకో పెట్టి వచ్చేవాడు. ముందు కళ్లతో అంచనా వేసి, తర్వాత దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌తో చూసుకునేవాణ్ణి. నా అంచనాల గురించి ఇక్కడ రాయకపోతేనే పరువు దక్కుతుంది.

మంచె మీద నుంచి వెయ్యడం కూడా డెక్ ఎక్కి నేర్చుకున్నదే. 20 అడుగుల ఎత్తు నుంచి 20 గజాల్లో ఉన్నదాన్ని కొలిస్తే ఏటవాలు దూరం 21 గజాలు, ఆ ఒక్క గజంతో పెద్దగా పోయేదేం లేదు. పోయేదంతా చెయ్యి మాత్రమే కిందికి దించడం వల్ల. నడుము దగ్గర వంగాలి, భుజాలూ చేతులూ నేల మీద నిలబడ్డప్పటి లాగే ఉండాలి. ఇంకొకటి, నవంబరు జాకెట్ జులైలోనే వేసుకుని వెయ్యండి. నాకు వింటినారి జాకెట్ చేతికి తగిలి బాణం అడుగు పక్కకి పోయింది. ఎండలో చెమటలు కారుతూ తెలుసుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఈ జింక చేతులెత్తేసిన చోట్లు కూడా ఉన్నాయి. వేటకి వాడే వెడల్పాటి బ్లేడ్ల మొనలు దీనికి పడవు. ఫోమ్ చెక్కలు చెక్కలుగా లేస్తుంది, వాటికి వేరే డబ్బా కావాల్సిందే. ప్రాక్టీసు మొనలు నడిమధ్య పడుతున్నా, అదే బరువున్న వేట మొనలు 30 గజాల దగ్గర నాలుగు అంగుళాలు ఎడమకి పోయేవి. బాణం ఆనే రెస్ట్‌ని కొద్దికొద్దిగా జరిపితే రెండూ ఒకచోటికి వచ్చాయి. ఆ పని చెయ్యకుండా గురి బాగుందని ఎవరన్నా నేను నమ్మను.

బొమ్మకి చెవులున్నాయి కానీ వినిపించవు. 30 గజాలు పోవడానికి బాణానికి సెకనులో మూడో వంతు పడుతుంది, నారి చప్పుడు అంతకు చాలా ముందే జింకని చేరుతుంది. బెదిరిన జింక దూకడానికి ముందు కిందికి కుంగుతుంది, బాణం పైనుంచి పోతుంది. బొమ్మకి ఎదురుగా కొమ్మలూ ఉండవు. అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనిపించలేదంటారు. వేటలో అలా చూస్తే పెన్సిలంత రెమ్మ తగిలి బాణం ఎటో పోతుంది.

మన్నిక గురించి చెప్పాలంటే, మధ్య ముక్క రెండో ఏడాదికే సొట్టపోయింది. కొత్త ముక్క ధర బొమ్మ ధరలో మూడో వంతు, అది నాకు నచ్చలేదు. ఎండలో బాణాలు బిగుసుకుపోతాయి, కాస్త సబ్బు రాస్తే వస్తాయి. చలికాలం షెడ్డులో పెడితే ఎలుకలు కాపురం పెట్టాయి. ఇవన్నీ ఉన్నా అయిదుకి నాలుగు ఇస్తాను.

ఇప్పుడు నా హద్దు 25 గజాలు. పోయిన సీజన్లో 34 దగ్గర మంచి మగజింక పక్కకి తిరిగి చాలాసేపు నిలబడింది. నేను విల్లు లాగలేదు. పెద్దాయన అయితే వేసేవాడు, ఆయన చెయ్యి వేరు.

మొన్న మార్చిలో పొద్దున కిటికీలోంచి చూస్తే నిజం ఆడజింక పెరట్లోకి వచ్చి బొమ్మను వాసన చూస్తోంది. రెండూ పక్కపక్కన. నిజందాని పొట్ట కింది గీత బొమ్మ కంటే బాగా కిందికి ఉంది. అది ఇటువైపు ముందు కాలు ఒక అడుగు ముందుకి వెయ్యగానే భుజం పక్కకి జరిగి, నేను అట్ట ఆనించే చోటు మొత్తం తెరుచుకుంది. నాలుగేళ్లుగా బొమ్మ ఆ కాలు కదపలేదు. ముప్ఫై గజాలుంటుందనుకుని రేంజ్‌ఫైండర్ తీశాను. ఇరవై మూడు.