పాత ఫార్చ్యూనర్ కొనేవారు బండి కిందికి తొంగి చూడండి

హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి "2012 మోడల్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందేది), అంతా కంపెనీ ఒరిజినల్" అని హామీ ఇచ్చి చూపిన టయోటా ఫార్చ్యూనర్‌కు మా కుటుంబం 50,000 రూపాయలు బయానా ఇచ్చింది. అధీకృత సర్వీస్ కేంద్రంలో లిఫ్ట్ మీదికి ఎక్కించి చూస్తే, అది 2010లో తయారైన బండి అనీ, దానికి 2012 నాటి గ్రిల్, బంపరు, హెడ్‌ల్యాంపులు తగిలించారనీ, ముందు చక్రాలకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఏకంగా ఊడదీశారనీ తేలింది. బయానాలో సగమే తిరిగి వచ్చింది.

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో హరిత ట్రిబ్యునల్ విధించిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ ధర పడిపోయిన పెద్ద డీజిల్ బండ్లు నిరభ్యంతర పత్రంతో మన రాష్ట్రాలకు వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి గానీ, "ఢిల్లీ బండి కాబట్టి చవక" అన్న మాట వినగానే కొనేవారు పరీక్షను సగంలో ఆపేస్తారని అమ్మేవారికి బాగా తెలుసు.

మన దేశంలో 2009లో విడుదలైన తొలి ఫార్చ్యూనర్‌లో 2982 సీసీ డీజిల్ ఇంజిను ఉండేది, అది ఫోర్ బై ఫోర్‌గానే వచ్చేది. 2012లో రూపం మారినప్పుడు వెనుక చక్రాలు మాత్రమే తిప్పే టూ బై ఫోర్ రకాలు కూడా వచ్చాయి, మరికొంత కాలానికి 2494 సీసీ ఇంజినూ వచ్చింది. అందువల్ల వెనుక తలుపు మీది అక్షరాలను నమ్మకుండా, ఆర్‌సీలో తయారీ నెల, సీసీ చూడాలి. ఆర్‌సీ "ట్రాన్స్‌ఫర్‌లో ఉంది" అని జిరాక్సు కూడా చూపకపోతే అక్కడితో లేచి రావడం మేలు.

ఈ తరం ఫోర్ బై ఫోర్‌లో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందుతుంది. ముందు డిఫరెన్షియల్ (ముందున్న రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరిక) పాడైతే బాగుచేయించడం ఖరీదైన పని కనుక, కొందరు ముందు షాఫ్ట్ తీసేసి, ముందు, వెనుక చక్రాల మధ్య శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్‌ను లాక్ చేసి, బండిని వెనుక చక్రాల మీదే నడిపిస్తారు. లోపల ఫోర్ బై ఫోర్ కోసం ఉండే రెండో లివరు అలాగే ఉంటుంది కాబట్టి కూర్చుని చూసేవారికి అనుమానం రాదు. మేము చూసిన బండిలో లాక్ సూచించే దీపం కూడా వెలగకుండా చేశారు. లివరును లాక్ స్థానం నుంచి లాక్ లేని హెచ్ స్థానానికి మార్చి నడిపి చూపమని అడిగితే వ్యాపారి మాట మార్చాడు, ఎందుకంటే లాక్ తీస్తే ముందు షాఫ్ట్ లేని బండి కదలదు. మెకానిక్ ఎవరూ లేకపోయినా, టార్చిలైటు పట్టుకుని వంగి చూస్తే గేరుబాక్సు వైపు నుంచి ముందుకు వెళ్లే షాఫ్ట్ ఉందో లేదో కనబడుతుంది.

అసలు భాగాల విషయంలో అద్దాలే ఎక్కువ నిజం చెబుతాయి. ప్రతి అద్దం మూలన తయారీదారు ముద్రతో పాటు కాలాన్ని సూచించే గుర్తులుంటాయి. ఒక్క అద్దం మాత్రమే వేరే సంవత్సరానిదైతే అది ఎందుకు మారిందో అడగాలి. సీటు బెల్టు అడుగున కుట్టిన చీటీ మీది తేదీ బండి తయారైన తేదీకి కొంచెం ముందుదై ఉండాలి. బానెట్ కీళ్ల బోల్టుల మీద రంగు లేచిపోయి ఉంటే స్పానరు పడినట్టే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, దానంతట అది ఆరాలి. అసలు వెలగకపోయినా, మరో దీపంతో కలిసి ఒకే క్షణంలో ఆరినా ఆ వైరును కదిపారని అనుమానించాలి.

ఫ్రేమ్ మీద గుద్దిన ఛాసిస్ నంబరును మీరే చదివి, ఆర్‌సీతో సరిపోల్చి, బయానా ఇవ్వకముందే అధీకృత సర్వీస్ కేంద్రంలో చూపించండి. రకం, తయారైన కాలం, పాత సర్వీసుల నాటి కిలోమీటర్లు అక్కడి రికార్డులో ఉంటాయి. బయానా రసీదు మీద ఛాసిస్ నంబరు, తయారీ నెల, ఫోర్ బై ఫోర్ అన్న మాట, పరీక్షలో తేడా వస్తే మొత్తం సొమ్ము వాపసు చేస్తామన్న షరతు రాయించుకోండి. మాకిచ్చిన రసీదులో "ఫార్చ్యూనర్, తెలుపు" అని మాత్రమే ఉంది. మిగిలిన 25,000 రూపాయల కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. వ్యాపారి నుంచి ఇంకా సమాధానం రాలేదు.