శాన్ ఆండ్రియాస్ గొప్పదా, జీటీఏ 4 గొప్పదా?

రెండూ గ్రాండ్ తెఫ్ట్ ఆటో (జీటీఏ) అనే నేరాల వీడియో గేమ్ సిరీస్‌లోవే. 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌లో మూడు నగరాలు, వాటి మధ్య పల్లెలు, ఎడారి, చిలియాడ్ కొండ ఉంటాయి. 2008 నాటి జీటీఏ 4లో న్యూయార్క్‌ను చూసి కట్టిన లిబర్టీ సిటీ ఒక్కటే. మ్యాప్ సైజును బట్టి తీర్పు చెబితే మొదటిదే గెలుస్తుంది.

స్వేచ్ఛలోనూ దానిదే పైచేయి. అందులో హీరో సీజే చేత బర్గర్లు అదేపనిగా తినిపిస్తే లావెక్కి పరుగు తగ్గుతుంది, జిమ్‌కి తీసుకెళ్తే కండలు తిరుగుతాయి. విమానాలూ నడపొచ్చు. జీటీఏ 4లో హెలికాప్టర్లతో సరిపెట్టుకోవాలి.

అయినా నా ఓటు జీటీఏ 4కే. నేరం చేస్తున్న టెన్షన్ అందులోనే ఉంది. పోలీసులు వెంటపడితే మ్యాప్ మీద ఒక వలయం పడుతుంది. వాళ్ల కంటపడకుండా దాన్ని దాటాలి, కంటపడితే వలయం మళ్లీ మన చుట్టూనే. వంతెన దగ్గర 5 డాలర్ల టోల్ కట్టకుండా దూసుకెళ్లినా పోలీసులు వెతుకుతున్నారనే గుర్తుగా ఒక స్టార్ పడుతుంది. శాన్ ఆండ్రియాస్‌లోనైతే కారుకు రంగు మార్చే షాపులో దూరితే చాలు, గండం గట్టెక్కినట్టే.

కథ సంగతికొస్తే, కజిన్ రోమన్ గొప్పలు నమ్మి జీటీఏ 4 హీరో నికో లిబర్టీ సిటీలో ఓడ దిగుతాడు. తీరా చూస్తే భవంతి లేదు, ఇరుకు గది, నెత్తిన అప్పులు. అక్కడి నుంచి అతను చేసే ప్రతి తప్పుకీ ఒక కారణం కనబడుతుంది. ఊరు ఎంత పెద్దదైనా ఈ కారణం లేకపోతే గేమ్ అప్పగించే మిషన్లు ఉత్త పనుల్లా అనిపిస్తాయి.

మొదట వచ్చిన రూపంలో రెండింటికీ ఒకటే జబ్బు: మిషన్ చివర్లో చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచే ఆడాలి.