ఓఎల్ఈడీనా, మినీ ఎల్ఈడీనా? ముందు మీ ఇంట్లో న్యూస్ ఎవరు చూస్తారో చెప్పండి

మొన్న సంక్రాంతికి హాల్లో టీవీ మార్చాం. అప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసువాళ్లు, ఆఖరికి మా కేబుల్ అబ్బాయి కూడా అడిగేది ఒకటే: ఓఎల్ఈడీ తెరకి బర్న్-ఇన్ (పాత బొమ్మ నీడలా తెర మీద ఉండిపోవడం) నిజంగానే వస్తుందా, లేకపోతే ఇంకో రకం తెర, మినీ ఎల్ఈడీ అమ్ముకునేవాళ్లు పుట్టించిన భయమా? వస్తుంది. కాకపోతే అందరి ఇళ్లలో రాదు. నన్నడిగితే అది టీవీ కన్నా ఆ టీవీ ముందు కూర్చునే మనిషిని బట్టి ఉంటుంది.

పేరులో బర్న్ ఉంది గానీ అక్కడ కాలేదేమీ లేదు, అరుగుతుంది అంతే. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్‌కీ సొంత వెలుగు. ఆ వెలుగిచ్చే ఆర్గానిక్ పదార్థం వాడేకొద్దీ మందగిస్తుంది, ఎంత ఎక్కువ బ్రైట్‌నెస్ పెడితే అంత తొందరగా. తెర మొత్తం సమానంగా అరిగితే మనకి తెలియను కూడా తెలియదు. కింద పట్టీ, మూల లోగో ఏళ్ల తరబడి ఒకే చోట వెలుగుతుంటే మాత్రం చెప్పు మడమ దగ్గరే అరిగినట్టు అక్కడే అరిగి, ఛానల్ మార్చినా ఆ ఆకారం నీడలా మిగిలిపోతుంది. మా పాత ప్లాస్మా టీవీలో ఇది కళ్లారా చూశాను (అందులో అరిగేది ఫాస్ఫర్ అనే వెలుగిచ్చే పూత, కథ మాత్రం ఇదే). క్రికెట్ పెడితే పచ్చటి గ్రౌండ్ మీద న్యూస్ ఛానల్ లోగో తేలుతూ ఉండేది.

కెనడాలో టీవీలు పరీక్షించే ఆర్టింగ్స్ వాళ్లు 2018లో ఎల్జీ సీ7 అనే ఓఎల్ఈడీ టీవీలు ఆరు తీసుకుని రోజుకి 20 గంటల చొప్పున ఆడించారు. సీఎన్ఎన్ న్యూస్ ఛానల్ పెట్టి ఉంచిన వాటి మీద మచ్చలు స్పష్టంగా పడ్డాయి. ఒకదాంట్లో తుపాకుల గేమ్ ఆడించారు, దానికి చెప్పుకోదగ్గ మచ్చ పడలేదు. అదే మోడల్, అవే గంటలు, తేడా అంతా తెర మీద ఏం పెట్టారన్న దాంట్లోనే. అది పాత ప్యానెల్, ఇప్పటివి చాలా మెరుగు, ఒప్పుకుంటాను. కానీ అరుగుదల నెమ్మదించిందే గానీ పోలేదు.

ఇప్పుడు మన తెలుగు న్యూస్ ఛానళ్లు గుర్తు తెచ్చుకోండి. కింద ఒక పట్టీ, దాని మీద ఇంకో పట్టీ, ఆ పైన ఎర్ర డబ్బాలో బ్రేకింగ్, ఒక మూల లోగో, ఇంకో మూల టైము, మిగిలిన జాగాలో మనిషి మొహం. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు రోజు మా నాన్న పొద్దున కాఫీతో మొదలుపెట్టి రాత్రి దాకా సీట్ల పట్టికే చూశారు, పట్టికా కదల్లేదు, ఆయనా కదల్లేదు. మామూలు రోజుల్లో కూడా ఆరేడు గంటలకి తక్కువ ఉండదు. అలాంటి ఇంట్లో నేను ఓఎల్ఈడీ పెట్టను.

ఇంకొకటి ఉంది, మేం తిరిగిన షోరూముల్లో ఎవరూ ఎత్తలేదు. ఓఎల్ఈడీలు ఈ అరుగుదలని కొలుచుకుని తమంతట తామే సరిచేసుకుంటాయి. ఎల్జీ వాటిలో అయితే మొత్తం మీద నాలుగు గంటలు చూశాక, రిమోట్‌తో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఉండి కొన్ని నిమిషాలు ఆ పని చేస్తాయి. మనమేం చేస్తాం? పడుకునే ముందు స్విచ్ బోర్డు దగ్గర టక్కున కట్టేస్తాం. కరెంటు దండగ అని అమ్మ, పిడుగులు పడతాయని నాన్న. పాపం ఆ టీవీకి మందు వేసుకునే టైమే ఇవ్వం. ఈ అలవాటు మానుకోలేని ఇంటికి ఓఎల్ఈడీ అస్సలు వద్దు.

మినీ ఎల్ఈడీ అంటే లోపల ఎల్సీడీనే, వెనక చిన్న చిన్న లైట్లు జోన్లుగా, అంటే గుంపులు గుంపులుగా వెలుగుతాయి. లోగో ఎన్నాళ్లున్నా ఆ ఆకారంలో తెర అరగదు. మధ్యాహ్నం తలుపులన్నీ తీసిపెట్టినా బొమ్మ బాగా కనపడుతుంది, ఓఎల్ఈడీ అయితే తెరంతా తెల్లగా ఉన్న సీన్లలో వెలుగు తనంతట తనే తగ్గించుకుంటుంది. అయితే లోటు కూడా చెప్పాలి. రాత్రి లైట్లు ఆపి చీకటి సీను పెడితే తెల్ల సబ్‌టైటిల్స్ చుట్టూ పొగలా వెలుగు కనిపిస్తుంది, జోన్లు తక్కువున్న మోడళ్లలో మరీను. దివాన్ మీద పక్కకి కూర్చుంటే చాలా వాటిలో రంగులు పాలిపోతాయి. ఓఎల్ఈడీ నలుపు ముందు ఏదీ నిలవదు, అక్కడ పిక్సెల్ ఆరిపోతే ఆరిపోయినట్టే. సినిమాలు, సిరీస్‌లు, అదీ రాత్రిపూట చూసేవాళ్లయితే, రిమోట్‌తోనే ఆపుతామంటే, బర్న్-ఇన్ గురించి టెన్షన్ పెట్టుకోకుండా ఓఎల్ఈడీ కొనుక్కోండి. నా ఒక్కడి గదికైతే నేనూ అదే కొనేవాణ్ని.

క్యూఎల్ఈడీ అనే పేరు చూసి ఓఎల్ఈడీకి అన్నదమ్ముడనుకోకండి, అది రంగులు మెరుగుపరిచిన ఎల్సీడీ. మైక్రో ఎల్ఈడీ మన ధరల్లో లేదు, వదిలేయండి.

ఇంతా చెప్పి హాల్లోకి తెచ్చింది 55 అంగుళాల మినీ ఎల్ఈడీ. రాత్రి సినిమా చూసేటప్పుడు ఆ సబ్‌టైటిల్స్ దగ్గర ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పొద్దున్నే నాన్న న్యూస్ పెట్టగానే మర్చిపోతాను.

షోరూంలో డిస్‌ప్లేకి పెట్టిన ఓఎల్ఈడీని సగం ధరకి ఇస్తామంటే మాత్రం డబ్బు తీసేముందు యూట్యూబ్‌లో తెరంతా బూడిద రంగు ఒకసారి, తెరంతా ఎరుపు ఒకసారి పెట్టించి చూడండి. పొద్దస్తమానం ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఒకటే డెమో ఆడిన తెర అది. ఎక్కడైనా పట్టీలాగా, అక్షరాల్లాగా నీడ కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దనండి.