మొదటి ఫుల్ మారథాన్‌కి ఏది మేలు: హైదరాబాదా, ముంబైయా?

పొద్దున్నే ఇక్కడ గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీద కలిసేవాళ్లు ఏడాదిగా నన్ను ఒకటే అడుగుతున్నారు. "హాఫ్ అయిపోయిందండి. ఫుల్‌కి ఎక్కడ పేరివ్వమంటారు?" (హాఫ్ అంటే 21 కిలోమీటర్లు, ఫుల్ అంటే 42.) రావులపాలెం వాళ్లూ అడిగారు, భీమవరం నుంచి ఫోన్ చేసి మరీ అడిగారు. నేను రెండూ పరిగెత్తాను. ముందు హైదరాబాద్, రెండేళ్ల తర్వాత ముంబై. వచ్చే జనవరికి మళ్లీ ముంబైకే పేరిచ్చాను.

ఈ రెండూ పుట్టిన తీరే వేరు. ముంబై మారథాన్ 2004 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి నుంచీ పెద్ద స్పాన్సర్, విదేశీ రన్నర్లు, టీవీ ప్రసారం. చాలా ఏళ్లు ఒక బ్యాంకు పేరుతో నడిచి, 2018 నుంచి టాటా పేరుతో నడుస్తోంది. బాంద్రా–వర్లీ సీ లింక్ కట్టిన మరుసటి ఏడాది, 2010లో, రూటు దాని మీదుగా మళ్లింది. 2023లో ఇథియోపియా రన్నర్ హేలే లెమీ ఇక్కడే 2 గంటల 7 నిమిషాల 32 సెకన్లలో ముగించి కోర్సు రికార్డు పెట్టాడు. హైదరాబాద్‌ది అలా కాదు. 2007లో కొంతమంది కలిసి హైదరాబాద్ రన్నర్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లు పెంచుకున్న పరుగే 2011లో మారథాన్ అయింది. స్పాన్సర్ల పేర్లు మారుతూ వచ్చాయి కానీ నడిపే చెయ్యి రన్నర్లదే. ఆ తేడా రేసు రోజు నాకు బాగా తెలిసింది. హైదరాబాద్‌లో నీళ్ల గ్లాసు అందించే మనిషి మన మొహం చూసి "ఉప్పు తీసుకోండి, పిక్కలు పట్టేస్తాయి" అని చెప్తాడు. ముంబైలో ఆ పని ఊరే చేస్తుంది. పెద్దవాళ్లు, పిల్లలు తెల్లారేసరికి రోడ్డు మీదకొచ్చి బత్తాయి తొనలు, బిస్కెట్లు చేతిలో పెడతారు. నాకు రెండూ నచ్చాయి. చరిత్ర చూసి ఎంచుకోవాలంటే నా ఓటు హైదరాబాద్‌కే.

కానీ మొదటి ఫుల్‌కి తేల్చేది చరిత్ర కాదు. రేసు రోజు ఎండా, నీళ్ల స్టాళ్లూ కూడా కాదు. రేసుకి ముందు పదహారు వారాలు మీరు ఏ కాలంలో, ఏ నేల మీద పరిగెత్తుతారన్నదే తేలుస్తుంది. 42.195 కిలోమీటర్ల బలం ఒక్క రోజులో రాదు. వారం వారం ఇరవై, ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది, ముప్ఫై అని లాంగ్ రన్ పెంచుకుంటూ పోవాలి. అవి మనం చేసేది నెక్లెస్ రోడ్డులోనూ కాదు, మెరైన్ డ్రైవ్‌లోనూ కాదు, ఇక్కడ మన గట్ల మీదే.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఒక ఆదివారం. పదహారు వారాలు వెనక్కి లెక్కేస్తే మే మొదటి వారం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, డెల్టాలో ఎండకి ఉక్కపోత కూడా తోడు. తెల్లారగట్ట నాలుగింటికి బయల్దేరినా మూడో కిలోమీటరుకే బనీను పిండితే నీళ్లు కారతాయి. జూన్‌లో చినుకులు పడ్డాక కాస్త హాయిగా ఉంటుంది. అయితే అన్నిటికన్నా పెద్ద లాంగ్ రన్లు జులై చివర, ఆగస్టు మొదట్లో పడతాయి. అవి గోదావరి పోటు మీదుండే రోజులు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీరు అలా పెరిగే కొద్దీ కాజ్‌వేలు మునుగుతాయి, లంకల వాళ్ల పశువులూ సామానూ ఏటిగట్టు మీదకి చేరతాయి. వాళ్ల మధ్యలోంచి షూ వేసుకుని పరిగెత్తడానికి మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. ఆ ఏడాది నా ముప్ఫై కిలోమీటర్ల రన్ రెండుసార్లు వాయిదా పడి చివరికి జరగనేలేదు. ఇరవై ఆరు దగ్గరే ఆగిపోయి రేసుకి వెళ్లాను. ముప్ఫై మూడో కిలోమీటరు దగ్గర రెండు పిక్కలూ పట్టేశాయి. మిగిలిన తొమ్మిదిలో సగానికి పైగా నడిచాను.

ముంబైది జనవరి మూడో ఆదివారం. సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే ఒక వారం పోతుంది, దాన్ని పూడ్చుకోవచ్చు. కార్తీకం నుంచి గాలి మారుతుంది. ధనుర్మాసంలో గుళ్లో తిరుప్పావై మైకు మొదలయ్యేసరికి మీరు పది కిలోమీటర్లు దాటేసి ఉంటారు, ఒంట్లో ఇంకా ఊపిరి మిగిలే ఉంటుంది. ముంబైకి ముందు ముప్ఫై కిలోమీటర్ల రన్ మూడుసార్లు చేశాను. మళ్లీ చెప్తున్నాను, మూడుసార్లు. అదే నేలలో, రెండేళ్లు పైబడిన ఒంటితో. ఒక్క జాగ్రత్త: సార్వా కోతలప్పుడు రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోస్తారు, అంచుకి రాళ్లు పెడతారు. చీకట్లో తలకి టార్చి లైటు కట్టుకోకుండా పరిగెత్తొద్దు.

ఇక ఎత్తుపల్లాలు. మన నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు, బల్లపరుపు. ముంబైలో చెప్పుకోదగ్గ ఎత్తు పెద్దర్ రోడ్డు ఒక్కటే. తిరుగు దారిలో కాళ్లు అలిసిపోయాక వస్తుంది కాబట్టి అది గట్టిగానే ఉంటుంది. హైదరాబాద్‌లో మాత్రం ఒక ఫ్లైఓవర్ దిగగానే ఇంకోటి, జూబ్లీహిల్స్ వైపు ఎక్కుడు, గచ్చిబౌలి దాకా కాళ్లకి విడుపు లేదు. మనకి ఎక్కుడు ప్రాక్టీసంటే వంతెనలే. యానాం–ఎదుర్లంక వంతెన మీద తెల్లవారుజామున లారీలు తక్కువ. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఎనిమిదిసార్లు తిరిగితే తొడలకి పని తగులుతుంది. ఆ వంతెనకి లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారి పేరు పెట్టారు. హైదరాబాద్ మారథాన్ ముగిసేది గచ్చిబౌలిలో ఆయన పేరున్న స్టేడియంలోనే. కోనసీమ మనిషి పేరు కింద ఫినిష్ లైను దాటినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. టైము బాగా రాకపోయినా ఆ పతకం ఇంట్లో ముందు గదిలో వేలాడుతోంది.

ముంబైకి ఉన్న అసలు ఇబ్బంది సంక్రాంతి. మూడో ఆదివారం 15 నుంచి 21 లోపు ఎప్పుడైనా పడొచ్చు. 2023లో సరిగ్గా పండగ నాడే పడింది, 2024లో 21న. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇంటికొచ్చిన ఆడపడుచులనీ అల్లుళ్లనీ వదిలి బ్యాగు సర్దుకుంటే ఎవరూ హర్షించరు. 1897 నుంచి నడుస్తున్న బోస్టన్ మారథాన్‌ని అక్కడి వాళ్లు పేట్రియట్స్ డే సెలవు నాడే పెట్టుకున్నారు. వాళ్లకి పండగా పరుగూ కలిసొచ్చాయి. మనకి కలిసిరావు. కాబట్టి క్యాలెండర్ చూసుకోండి. ఆదివారం 15 నుంచి 18 లోపు పడితే ఆ ఏడాది ముంబై వదిలేసి మరుసటి ఏడాదికి చూసుకోండి. 19, ఆ తర్వాత పడితే కనుమ ఇంట్లోనే గడిపి బయల్దేరొచ్చు. కాకపోతే బిబ్ (ఛాతీకి పెట్టుకునే రేసు నంబరు) శనివారం లోపే తీసుకోవాలి, దూరం చూస్తే రైల్లో ఒక రోజుకి పైనే.

వైజాగ్ నేవీ మారథాన్ బీచ్ రోడ్డు అందంగా ఉంటుంది, దగ్గర కూడా. హాఫ్‌కి బంగారం లాంటిది. బెంగళూరు చల్లగా ఉంటుంది కానీ అక్కడ పేరున్నది 10కె. ఢిల్లీలో హాఫ్‌కే పేరు. ఫుల్‌కి వీటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

హైదరాబాద్‌ని మానుకోమని నేను అనను. ఆగస్టులో అక్కడ హాఫ్ చేయండి. హాఫ్‌కి మే నెలలో అంత లాంగ్ రన్లు అక్కర్లేదు, వరదలొచ్చినా పెద్దగా దెబ్బ తగలదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటారు, తిరుగు ప్రయాణానికి లింగంపల్లి స్టేషను గచ్చిబౌలికి దగ్గర. ఒక నెల విశ్రాంతి తీసుకుని ముంబై ఫుల్‌కి మొదలుపెట్టండి.

టికెట్ సంగతి మరిచిపోవద్దు. పండగ తర్వాత ఊళ్ల నుంచి తిరిగెళ్లే జనంతో రైళ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కి అరవై రోజుల ముందు, అంటే నవంబరు మధ్యలో, రిజర్వేషన్ తెరిచిన పొద్దున్నే చేసుకోండి. రాజమండ్రిలో ఎక్కితే దిగేది ముంబై సీఎస్‌ఎంటీలో, రేసు మొదలయ్యేదీ ఆ స్టేషను ఎదుటే.